ఎవరి కవరు వాళ్ళు విప్పకూడదు

అమ్మకి మళ్ళీ గడ్డ తగిలింది! కోత మచ్చ పక్కనే, శనగగింజంత... తగిలి అప్పుడే వారం రోజులైంది. కానీ ఆ సంగతి కన్నకూతురి చెవిన పడింది ఈ రోజు. అదీ ఒక పరాయి మనిషి నోటి వెంట!

పిచ్చుక ఆ సమయంలో ముందుగదిలో బల్ల మీద గుడ్డ పరిచి సుద్దముక్కతో గీతలు గీస్తోంది. ఆ ముందుగదే ఆమె కుట్టు కొట్టు. పిచ్చుక అన్నది అసలు పేరు కాదు. చిన్నప్పుడు గింజలు ఏరుకున్నట్టు మెతుకు మెతుకూ తినేదని అమ్మ పెట్టిన పేరు. ఇప్పుడు నలభయ్యో ఏడు నడుస్తోంది, మనిషి కాస్త ఒళ్ళు చేసింది. అయినా అమ్మకి పిచ్చుకే, కట్టుకున్నవాడికీ పిచ్చుకే.

వీధి తలుపు తోసుకుని కండక్టరమ్మ వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సులో టికెట్లు చింపిన మనిషి. గొంతు ముందు వస్తుంది, మనిషి వెనక వస్తుంది.

"ఏమ్మా పిచ్చుకా, అక్క లేచిందా? ఆ గడ్డకి పరీక్ష రాయించారా లేదా? తొందరపడండి తల్లీ, తర్వాత రష్షయిపోతుంది. నిలబడ్డానికి కూడా చోటుండదు!"

సుద్దముక్క పుటుక్కున విరిగింది.

"ఏ గడ్డ?" అంది పిచ్చుక.

కండక్టరమ్మ నాలుక కరుచుకుంది. లోపలి గది గుమ్మంలోకి అమ్మ వచ్చి నిలబడింది. తడిచేతులు తువ్వాలుతో తుడుచుకుంటోంది. తుడిచిన చేతినే మళ్ళీ తుడుస్తోంది.

"ఎప్పుడమ్మా?"

"పోయిన బుధవారం... స్నానం చేస్తుంటే తగిలిందే..."

"బుధవారం! వారం రోజులుగా నీ పక్క గదిలో పడుకుంటున్నాను. నీ తల దువ్వుతున్నాను. నీ ఎదురుగా కూర్చుని తింటున్నాను. నాకు చెప్పడానికి నీకు నోరు రాలేదు... ఈవిడకి చెప్పడానికి వచ్చిందా?"

"చెబుదామనే అనుకున్నానే పిచ్చుకా..."

"నాదే తప్పమ్మా," కండక్టరమ్మ అడ్డం వచ్చింది. "నా నోట్లో నువ్వుగింజ నానదు. అక్క చెప్పద్దందని కూడా మర్చిపోయి..."

అంటే, చెప్పద్దంది కూడానా! పిచ్చుకకు కళ్ళు మండాయి. కన్నీళ్ళు వచ్చాయి గానీ అవి గడ్డ గురించో, ఈ మాట గురించో ఆమెకే తెలియలేదు. తల్లికి జబ్బు తిరగబెట్టిందేమో అన్న భయం కన్నా ముందు, ఆ భయాన్ని ఇంకొకరు తనకన్నా ముందే అందుకున్నారన్న మంట వచ్చింది. ఆ సంగతి గ్రహించి తనను చూసి తనకే సిగ్గేసింది... కానీ మంట చల్లారలేదు!

ఎలా చల్లారుతుంది? రెండున్నరేళ్ళ కిందట అమ్మకి రొమ్ములో కేన్సరని తేలిన రోజున కొట్టు తలుపు మూసింది ఎవరు? కోత కోసి పక్కన నీరు కారే గొట్టాలు పెట్టి పంపితే, చేతులు పైకెత్తకుండా తొడుక్కునేలా, గొట్టం సీసా పట్టే జేబుతో, ముందు గుండీలున్న చొక్కాలు ఆరు రకాలుగా కుట్టింది ఎవరు? మందు ఎక్కించిన ప్రతిసారీ మూడు రోజులు గిన్నె పట్టుకుని కూర్చున్నదెవరు? దిండు మీద రాలిన జుట్టు అమ్మ కంటపడకుండా తెల్లారేసరికి ఏరి పారేసిందెవరు? ఇంత చేసిన కూతురికి దక్కిందేమిటి? ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నారు. ఆ మందు ఎక్కించే హాల్లో అదే జబ్బుతో అమ్మ పక్క కుర్చీలో కూర్చున్న పాపానికి ఈ కండక్టరమ్మ చెల్లెలైపోయింది! అమ్మేమో "పిన్నీ అని పిలవవే" అంటుంది. పిచ్చుక ఒక్కసారి కూడా పిలవలేదు. "మీరు" అంటుంది, లేకపోతే అసలేమీ అనదు.

చికిత్స అయ్యాక అమ్మకి ఒకపక్క బోడిగా ఉంటుందని పిచ్చుక మెత్తటి దూదితో దిండులాంటిది కుట్టింది. రెండు రాత్రులు కూర్చుని, కొలతలు తీసి, లోపలి బాడీకి సంచీలా అతికింది. అమ్మ తొడుక్కుంది, బాగుందంది. నెల తిరక్కుండా కండక్టరమ్మ ఒకటి తెచ్చింది. వంకరటింకర కుట్లు, దారం రంగు కూడా కలవలేదు! కానీ అందులో దూది మధ్య ఆవాలు పోసింది. "బరువుండాలి అక్కా. లేకపోతే ఆ భుజం లేచిపోతుంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక భుజానికే సంచీ వేలాడేసినదాన్ని, నాకు తెలీదా?" అంది. అమ్మ అది పెట్టుకుని అద్దంలో చూసుకుంది. భుజాలు రెండూ సమానంగా నిలబడ్డాయి. ఆ రోజు నుంచి పిచ్చుక కుట్టింది పెట్టె అడుగున చేరింది. ఊళ్ళో సగం మంది ఒంటికొలతలు తెలిసిన దర్జీకి కన్నతల్లి భుజం కొలత తెలియకపోయింది!

అన్నిటికన్నా పెద్ద మంట ఇంకొకటుంది. అది కవర్ల మంట.

చికిత్స అయిపోయినా జబ్బు తిరిగి రాలేదని చూసుకుంటూ ఉండాలి. మూడు నెలలకోసారి పెద్దాసుపత్రిలో పరీక్షలు, తర్వాత కౌంటర్లో రిపోర్టు కవరు ఇస్తారు, అది పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మొట్టమొదటిసారి ఆ కవరు చేతికొచ్చినప్పుడు అమ్మకి విప్పడానికి వేళ్ళు ఆడలేదు. పక్కనే కండక్టరమ్మకీ ఆడలేదు. పిచ్చుక "నాకివ్వమ్మా" అని చెయ్యి చాపింది. అంతలోకే కండక్టరమ్మ అంది: "అక్కా, నీది నాకివ్వు. నాది నువ్వు తీసుకో. ఎవరి కవరు వాళ్ళు విప్పకూడదు. పక్కవాళ్ళ టికెట్టు చూడ్డం నాకలవాటే." ఇద్దరూ కవర్లు మార్చుకున్నారు. చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది! కండక్టరమ్మ చదివి, ఆసుపత్రి ఆవరణంతా వినపడేలా "రైట్ రైట్!" అని కేకేసింది. అమ్మ కూడా, ఎప్పుడూ గొంతెత్తని అమ్మ, చేతిలో కాగితం చూసి చిన్నగా "రైట్ రైట్" అంది. ఇద్దరూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి నవ్వారు, ఏడ్చారు. అప్పటినుంచి అదే పద్ధతి. ప్రతిసారీ గేటు పక్కన అదే సిమెంటు బల్ల. వాళ్ళిద్దరూ బల్ల మీద, పిచ్చుక నాలుగడుగుల దూరంలో నిలబడి. సంచీ మోసే మనిషిలా...

ఈసారి మాత్రం అలా జరగనివ్వను అనుకుంది పిచ్చుక.

అమ్మ గడ్డకి సూదితో ముక్క తీశారు. కండక్టరమ్మకి ఎప్పుడూ తీసే మూడునెలల స్కానింగు తీశారు. రిపోర్టులు రెండూ మంగళవారం తీసుకోవాలి. కానీ పిచ్చుక కౌంటర్లో అడిగితే అమ్మది సోమవారానికే వచ్చేస్తుందన్నారు. ఇంటికొచ్చి కండక్టరమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మ ఈసారి నాతోనే వెళ్తానంది. మీరు మీ పని చూసుకోండి."

అవతల బస్సుల మోత వినపడుతోంది.

"అక్కే అందామ్మా?"

"అవును. అమ్మే అంది."

"మంచిదే... కడుపున పుట్టిన పిల్ల ఉండగా పక్కవాళ్ళెందుకులే..." ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని పిచ్చుకకు అంతవరకూ తెలియదు.

అమ్మతో ఏం చెప్పింది? "ఆవిడకేదో పనుందట, ఈసారి రానంది" అని చెప్పింది. ఒక్క కత్తిరింపుతో గుడ్డ రెండు ముక్కలైంది!

సోమవారం ఆ సిమెంటు బల్ల మీద అమ్మ పక్కన పిచ్చుక కూర్చుంది. రెండేళ్ళుగా ఎదురుచూసిన చోటు! కవరు తనే చించింది. కాగితం మీద వేలు పెట్టి చదివింది. కేన్సరు కాదు... కోసిన చోట కొవ్వు గట్టిపడింది, అంతే! "అమ్మా! ఏం లేదమ్మా! నీకేం లేదు!" అంటూ అమ్మ మెడ చుట్టూ చేతులు వేసి వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ ఆమె వీపు నిమిరింది. చాలాసేపు నిమిరింది. కానీ అమ్మ చూపు మాత్రం గేటు బయట, బస్సులు ఆగే చోట ఉంది.

"ఆవిడ కూడా ఉంటే బాగుండేదే..." అంది అమ్మ.

పిచ్చుక ఏడుపు అక్కడే ఎండిపోయింది.

ఆ తర్వాత కండక్టరమ్మ రాలేదు. ఫోనూ లేదు. అమ్మ రెండుసార్లు చేసింది, ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు. "నాకు బాగుందో లేదో కూడా అడగలేదు చూడు," అంది ఒక రోజు. ఇంకో రోజు, "పోనీలే, ఆవిడకి బాగుండి ఉంటుంది. బాగున్నవాళ్ళకి బాగాలేని వాళ్ళతో పనేముంది," అంది. రోషంలో ఇద్దరూ ఇద్దరే. అన్నం ముందు కూర్చుని చేత్తో గీతలు గీయడం, వీధిలో ఎవరి గొంతు గట్టిగా వినపడినా కిటికీ దగ్గరికి వెళ్ళడం... పిచ్చుక అమ్మకి ఇష్టమైనవి వండింది, కొత్త చొక్కా కుట్టింది, సాయంత్రాలు కొట్టు మూసి పార్కుకి తీసుకెళ్ళింది. అమ్మ అన్నిటికీ "బాగుందే" అంది. దూది దిండుకి చెప్పిన బాగుందే అది.

పిచ్చుక మొగుడు ఎలక్ట్రీషియను. రోజుకి పది మాటలకు మించి మాట్లాడడు. ఒక పూట టీ తాగుతూ అన్నాడు: "ఏంటి, అత్తయ్య వోల్టేజీ లేని బల్బులా ఉంది?"

"ఏమో, నాకేం తెలుసు?"

"లైనెక్కడో తెగింది." గ్లాసు కింద పెట్టి ఆమె మొహం కేసి చూశాడు. "తెగిందా, ఎవరైనా కత్తిరించారా?"

"మీకు తీగలు తప్ప ఇంకేం కనపడవు!" అని విసురుగా లేచిపోయింది పిచ్చుక. ఆ పూట జాకెట్టుకి రెండు చేతులూ తిరగేసి కుట్టింది.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం అమ్మ ఫోను మోగింది. అమ్మ పెరట్లో ఉంది. పిచ్చుక ఎత్తింది. ఆసుపత్రి నుంచి.

"మీ పేషెంటు రిపోర్టు కవరు తీసుకెళ్ళారు గానీ డాక్టరుగారి దగ్గరికి రానే రాలేదండీ. ఆవిడ ఫోనెత్తట్లేదు. ఆ రిపోర్టు మీద వెంటనే రమ్మని ఎర్రగా రాసుంది..."

"మీరు పొరబడ్డారు. మా అమ్మ రిపోర్టు బాగుంది, డాక్టరుగారిని కూడా కలిశాం."

"అమ్మగారు కాదండీ. కండక్టరుగా పనిచేశారట, ఆవిడ. దగ్గరి బంధువు అన్నచోట ఈ నంబరే రాశారు. అక్క అని రాశారు."

రెండు నెలలు! చదవలేదు... ఆ మనిషి ఆ కవరు విప్పనే లేదు! విప్పాల్సిన మనిషిని తను దాచేసింది!

క్షణంలో మనసు ఎన్ని దారులు వెతికిందో! ఫోను పెట్టేసి ఊరుకోవచ్చు. తనే వెళ్ళి, ఏదో ఒకటి చెప్పి, ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి, అమ్మకి తెలియకుండానే అంతా చక్కబెట్టొచ్చు. ఆ చివరి దారే పట్టింది. "గుండీలు తెస్తానమ్మా" అని చెప్పి బస్సెక్కింది.

బస్సు డిపో వెనక వీధిలో, ఇరుకు మెట్ల పైన ఒక్క గది. కింద బస్సు కదిలినప్పుడల్లా కిటికీ అద్దం జిలజిలలాడుతోంది. కండక్టరమ్మ తలుపు తీసింది. చిక్కిపోయింది. మంచం, కుర్చీ, గోడకి వేలాడుతున్న పాత టికెట్ల సంచీ. అలమరలో అన్నిటికన్నా ముందు, నిలబెట్టి ఉంది ఆ కవరు. అంచు కూడా నలగలేదు.

"రా తల్లీ, కూర్చో. ఒక్కటే సీటుంది, అది లేడీస్ సీటే!" అని నవ్వింది. వెంటనే ఆ నవ్వు ఆపేసి, "అక్కకెలా ఉంది? అది చెప్పు ముందు. ఆ గడ్డ...?"

"ఏం కాదన్నారు. కొవ్వట."

"రైట్ రైట్!" అంది కండక్టరమ్మ. అని, రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమంది. రెండు నెలలుగా అడగడానికి మనిషి లేక, తెలుసుకోలేక దాచుకున్న ఏడుపు... ఒక్కసారిగా!

పిచ్చుక కవరు కేసి చెయ్యి చాపింది. "నేను విప్పుతాను. డాక్టరుగారు రమ్మంటున్నారు."

"వద్దు." ఆ చెయ్యి పట్టుకుని ఆపింది కండక్టరమ్మ. "నాది అక్కే విప్పాలి. అక్క వద్దనుకుంది... నేనేం తప్పు చేశానో తెలీలేదు. నోరు జారానని కోపమొచ్చిందేమో. ఫోన్ చేస్తే ఎత్తడానికి నాకు మొహం చెల్లలేదు. పోనీలే. కానీ పద్ధతి పద్ధతే. ఇన్నాళ్ళూ ఆ పద్ధతి వల్లే అన్నీ మంచిగా వచ్చాయి. మార్చితే... నాకు భయంగా ఉందమ్మా."

పిచ్చుక చెయ్యి వెనక్కి తీసుకుంది. మంచం పట్టె మీద కూలబడింది. ఎంత దాచుకుందామన్నా ఆ మాట గొంతులో నిలవలేదు.

"అమ్మ వద్దనలేదు... నేనే అన్నాను. అబద్ధం చెప్పాను. అమ్మతో మీరు రానన్నారని చెప్పాను. మీతో అమ్మ వద్దందని చెప్పాను."

కింద బస్సు ఒకటి వెళ్ళింది. కిటికీ అద్దం జిలజిలలాడి ఆగింది.

"ఎందుకమ్మా?"

"మీరంటే... కడుపుమంట!"

కండక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. "సీటు కోసం జుట్లు పట్టుకున్నవాళ్ళని చూశాను గానీ, ఈ బోడి గుండు పక్క సీటు కోసం కూడా కొట్టుకుంటారనుకోలేదు," అంది. తర్వాత నవ్వకుండా అంది: "వెళ్ళు. నాకు చెప్పింది చాల్దు. అక్కకి చెప్పు. చెప్పి, తీసుకురా."

ఇంటికెళ్ళే దారి పొడుగునా పిచ్చుక మాటలు కూర్చుకుంది. గుమ్మం దాటేసరికి ఒక్కటీ మిగల్లేదు. అమ్మ కొట్టు గదిలో గుడ్డముక్కలు ఏరుతోంది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఎలా వస్తే అలా అంతా చెప్పేసింది. అమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది!

"నన్ను తిట్టమ్మా!"

"తిడితే నీకు తేలికవుతుంది," అంది అమ్మ. చెప్పులు వేసుకుంటూ ఆగింది. "నీకెందుకు చెప్పలేదో తెలుసా ఆ గడ్డ సంగతి? నా ఒంట్లో చిన్న నొప్పి వచ్చినా నీ మొహంలో నా శవం కనపడుతుందే! నిన్ను చూస్తే నాకు నా చావు కనపడుతుంది. ఆవిణ్ణి చూస్తే ఆ రోజు బస్సు దొరుకుతుందా లేదా అన్నదే కనపడుతుంది. అంతేనే తల్లీ... ప్రేమ తక్కువై కాదు."

ఆ మాట పిచ్చుక గుండెల్లో దిగింది. అమ్మని వెంటబెట్టుకుని డిపో వెనక గదికి తీసుకెళ్ళింది.

ఆ గదిలో ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అమ్మ వెళ్ళి ఆవిడ మంచం మీద కూర్చుంది, కవరు తీసుకుంది, విప్పింది. చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"హోల్డానా, అక్కా? బస్సాపెయ్యాలా?" అని అడిగింది కండక్టరమ్మ.

అమ్మ తలూపింది. కాగితం మడిచి తన ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ చెయ్యి తీసుకుని దానిమీద వేసుకుంది.

ఆవిడ చంకలో గడ్డ తేలింది. జబ్బు తిరిగొచ్చింది. ఒళ్ళంతా వెతికితే ఇంకెక్కడా లేదు, అదొక్కటే ఊరట. "కోసేద్దాం, తర్వాత మందులు ఎక్కిద్దాం. కానీ రెండు నెలలెందుకు ఆగారు?" అని డాక్టరు విసుక్కున్నాడు. అమ్మ తల తిప్పి పిచ్చుకను చూసింది. ఒక్కసారే.

"బస్సు దొరకలేదు డాక్టరుగారూ," అంది కండక్టరమ్మ. "దొరికిన బస్సెక్కి వచ్చాను. ఇప్పుడు నా సీటెక్కడో చెప్పండి."

కోత అయ్యాక అమ్మ ఆవిణ్ణి ఇంటికే తెచ్చి తన గదిలో పడుకోబెట్టింది. గొట్టం సీసాకి జేబున్న చొక్కా పిచ్చుక ఆవిడ కొలతలకి మళ్ళీ కుట్టింది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, "బటన్లు గట్టిగా ఉన్నాయి, సడలించు," అంది. అంతకుమించి మాటల్లేవు. అన్నం పెట్టు, ఫ్యాను వెయ్యి, తలుపు దగ్గరకెయ్యి... అవే. ఒక మధ్యాహ్నం మాత్రం, అడగకుండానే అంది: "ఆ రెండు నెలలూ ఎక్కడైనా దొరికితే తెచ్చిపెట్టు. అప్పుడు మాట్లాడతాను నీతో." ఆ మాట అన్న అమ్మా ఏడ్చింది, పడ్డ కూతురూ ఏడ్చింది. చెరొక గదిలో!

మందు ఎక్కించే మొదటి రోజు వచ్చింది. ముగ్గురూ వెళ్ళారు. కండక్టరమ్మ పక్కన తనే కూర్చుంటానంది అమ్మ. కానీ హాలు తలుపు తెరుచుకుని ఆ మందుల వాసన ముక్కుకి తగిలేసరికి, రెండేళ్ళ కిందటి వాసన, అమ్మ గుమ్మంలోనే వాంతి చేసుకుంది. మొహం కడుక్కుని మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే. "ఒక్కరే ఉండాలి లోపల. ఎవరో తేల్చుకోండి," అంది నర్సు.

"అక్కా, నువ్వు బయట కూర్చో. పిచ్చుకని పంపించు," అంది కండక్టరమ్మ.

అమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. వరండాలో బెంచీ మీద, ఇద్దరి సంచులూ పక్కన పెట్టుకుని కూర్చుంది.

లోపల సూది గుచ్చుతున్నప్పుడు కండక్టరమ్మ పిచ్చుక మొహంలోకే చూసింది. పిచ్చుకకు అమ్మ మాట గుర్తుకొచ్చింది. తన మొహం ఎలా ఉంటుందో తనకే తెలియదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మనిషి ఎలా ఉంటుంది? ఏడవదు, నవ్వదు, చూస్తుంది. అలా చూసింది. సూది దిగింది.

"పర్లేదే! నేర్చుకున్నావు," అంది కండక్టరమ్మ. కాసేపు చుక్కలు లెక్కపెట్టి, గొంతు తగ్గించింది. "నీకొక మాట చెప్తాను. అక్కకి చెప్పకూడదు. నా మీద ఒట్టెయ్యి."

"చెప్పను."

"మీ కొట్లో నేను నోరు జారిన రోజుంది చూడు... ఆ రోజుకే నా చంకలో ఇది ఉంది. అప్పటికి రెండు నెలలైంది తగిలి. చొక్కా చెయ్యి తొడుక్కుంటుంటే పట్టేసేది."

పిచ్చుక ముందుకి వంగింది. "మరి... ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే ఒకరోజు మీ ఇంటికొచ్చాను. నేను నోరు తెరిచేలోపు అక్క తన గడ్డ సంగతి చెప్పింది. ఇద్దరికీ ఒకేసారంటే ఎవరు ఎవరి కవరు విప్పుతారు? అక్కది తేలేదాకా నాది దాచుదామనుకున్నాను. కవర్లో ఏముందో నాకు ముందే తెలుసమ్మా, అందుకే విప్పలేకపోయాను. నువ్వు ఆపావని కుమిలిపోతున్నావు. ఆగి ఉన్న బస్సుని ఆపావు నువ్వు! నీ తప్పు లేదనను, ఉంది. కానీ సగమే నీది. అక్కకి మాత్రం ఇది తెలియకూడదు. అంతకాలం తన దగ్గర దాచానని తెలిస్తే, నా పక్కన కూర్చోదు ఇంక."

ఆ రెండు నెలల బరువు సగానికి సగం జారినట్టయింది పిచ్చుకకు. ఆ జారిన సగం వెంటనే ఇంకో రూపంలో చేతిలోకి వచ్చింది. ఒట్టు! అమ్మ ముందు తనను కడిగేసే మాట ఒక్కటే ఉంది లోకంలో... ఆ ఒక్కటీ చెప్పడానికి లేదు.

మూడు గంటలకి సూది తీశారు. కండక్టరమ్మ కళ్ళు మూసుకుని ఉంటే, చెప్పడానికి పిచ్చుక బయటికి వచ్చింది. బెంచీ మీద అమ్మ నిటారుగా కూర్చుంది.

"అయిందా? ఎలా ఉంది?"

"బాగానే ఉందమ్మా. కాస్త నీరసం."

"ఏం మాట్లాడుకున్నారు అంతసేపూ? తలుపు అద్దంలోంచి చూశాను. నీ చెయ్యి పట్టుకుని గుసగుసలాడుతోంది. ఎప్పుడూ అంత చిన్న గొంతుతో నాతో మాట్లాడలేదే!"

"ఏముందమ్మా... నర్సు మీద జోకులు."

"జోకులు గుసగుసగా చెప్తారా?" అమ్మ గొంతులో పులుపు తగిలింది. పిచ్చుకకు తెలియని పులుపు కాదది. రెండేళ్ళు తను నమిలి మింగినదే. "నాకు చెప్పనిది నీకేం చెప్పింది? చెప్పవే!"

పిచ్చుక నోటి చివరిదాకా వచ్చింది. ముందే ఉందమ్మా... నా వల్ల కాదమ్మా... నాతో మాట్లాడమ్మా! ఒక్క మాట! ఆ మాట అంటే అమ్మ మళ్ళీ పిచ్చుకా అని పిలుస్తుంది. కానీ లోపల ఆ కుర్చీ పక్కన కూర్చునేవాళ్ళు ఒకరు తగ్గిపోతారు.

ఒకరి బాధ ఇంకొకరి చేతిలో పెట్టడం ప్రేమ తక్కువై కాదని అమ్మ చెప్పిన రోజున మాట గుచ్చుకుంది గానీ, అర్థమైంది ఇప్పుడు.

"ఏం చెప్పలేదమ్మా," అంది. "నిన్నే అడుగుతోంది. వాసనకి ముక్కు మూసుకునైనా ఒక్కసారి వచ్చి కనపడమంది."

"అలా అందా?"

"అంది."

అమ్మ లేచింది. తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కూతురి కోసం ఆగకుండా, ఆ తలుపు వైపు గబగబా నడిచింది. పిచ్చుక వంగి రెండు సంచులూ భుజానికి తగిలించుకుని, వెనకాలే వెళ్ళింది.